ఐదు ఆధారాలు, ఒక్క నోరు

మా దశరథరామయ్య తాతయ్య సయాం రైలుదారి పనికి వెళ్లలేదు. ఈ ముక్క ముందే చెప్పేయాలి. ఎందుకంటే ఆయన వెళ్లి, చావు తప్పించుకుని తిరిగొచ్చాడని సింగపూర్ తెలుగువాళ్లంతా ముప్ఫై ఏళ్లుగా నమ్మారు. కొడుకు నమ్మాడు, కోడలు నమ్మింది. ఏడాదిలో మూడు వందల అరవై రోజులు తాతయ్య కూడా నమ్మేవాడు. మిగతా ఐదు రోజులే ఆయనకు కాస్త కష్టంగా గడిచేవి.

యుద్ధం రోజుల్లో జపాన్ వాళ్లు మలయా రబ్బరు తోటల్లోని కూలీలను గూడ్సు బండ్లలో ఎక్కించుకుపోయారు. సయాం, అంటే ఇప్పటి థాయ్‌లాండ్, అడవుల గుండా బర్మా దాకా వాళ్లచేత పట్టాలు వేయించారు. పోయినవాళ్లలో చాలామంది మళ్లీ కనిపించలేదు. తాతయ్య పుట్టి పెరిగింది జొహోర్‌లోని అలాంటి తోటలోనే. ఆ తోట నుంచి నలభై మంది వెళితే ఒక్కడు తిరిగొచ్చాడు. వచ్చినవాడు కూలీల వరస ఇళ్లలో మూడు రోజులు బతికాడు. ఆ మూడు రోజులూ అతని నోట్లో గంజి పోసిందీ, అతను చెప్పిందంతా విన్నదీ తాతయ్య. నడుం లోతు బురదలో దుంగలు మోయడం, కలరా తగిలిన పాకకు మనుషులుండగానే నిప్పు పెట్టడం, జోరువానలో శవాల పక్కనే అన్నం తినడం, అన్నీ అతను చెప్పినవే. తాతయ్య అందులో ఒక్క ముక్క కూడా కల్పించలేదు. ఆ మనిషిని తీసేసి తాను దూరాడు, అంతే.

అది కూడా కావాలని చేసింది కాదు. అరవై ఎనిమిదిలో ఉగాదికి తెలుగు సంఘం వాళ్లు నలుగురు చేరినప్పుడు తాతయ్య ఆ కథ చెప్పాడు. చెప్పడంలో ఆయనకు ఆయనే సాటి. అయిపోయాక ఒకావిడ కళ్లు తుడుచుకుంటూ, "పాపం, మీరెలా తట్టుకున్నారండీ?" అంది. తాతయ్య తల దించుకున్నాడు. తల దించుకోవడం ఔననడమే అయింది. మరుసటి ఏడాది సంఘం ఉగాది సంచికలో 'మృత్యువును జయించిన తెలుగు బిడ్డ' అని అచ్చయింది. ఆ సంచిక నుంచి తర్వాతి సంచికలోకి, అందులోంచి సంఘం పాతికేళ్ల వెండి పండుగ సంచికలోకి కథ ఎక్కుతూ పోయింది. ఏటా ఎవరో ఒకరు ఆయన్ని వేదిక ఎక్కించేవారు. ఆయన ఏడిపించేవాడు. దిగొచ్చి రెండు బొబ్బట్లు ఎక్కువ తినేవాడు.

రెండు వేల సంవత్సరం నాటికి తాతయ్యకు డెబ్భై నాలుగేళ్లు. హౌగాంగ్‌లో తొమ్మిదో అంతస్తు ఫ్లాట్‌లో కొడుకు దగ్గర ఉండేవాడు. కొడుకు జనార్ధనరావుది రాఫెల్స్ ప్లేస్‌లో ఒక బ్యాంకు కంప్యూటర్ల విభాగంలో పని. కొత్త సంవత్సరానికి కంప్యూటర్లన్నీ ఆగిపోతాయన్న గోల దాటాక, అలాంటివాళ్లకు గిరాకీ మరీ పెరిగింది. ఇండియా నుంచి వారానికో విమానం నిండా కుర్రాళ్లు దిగుతున్నారు. వాళ్లలో ఒకడు, గుంటూరు ఉదయ్‌కిరణ్, వీళ్ల ఫ్లాట్‌లోనే ఒక గది అద్దెకు తీసుకున్నాడు. రెండు బస్సులు మారి చాంగీ బిజినెస్ పార్క్‌కి వెళ్లొచ్చేవాడు. డెబ్భై నాలుగేళ్ల తాతయ్యను "అంకుల్" అని పిలిచేవాడు. ఆ ఒక్క మాటకే తాతయ్య వాడికి తన పడక కుర్చీ ఇచ్చేశాడు.

తెలుగు సంఘానికి వెబ్‌సైట్ కట్టే పని ఉదయ్‌కిరణ్ నెత్తిన వేసుకున్నాడు. మొదటి పేజీలోనే తాతయ్య ఫొటో, తాతయ్య కథ. నెలాఖరు ఆదివారం సంఘం హాల్లో ఆరంభోత్సవం, తాతయ్యకు శాలువా. అంతా బాగానే ఉంది. ప్రణవి పేపర్ రాయడం మొదలుపెట్టేదాకా.

ప్రణవి జనార్ధనరావు కూతురు, యూనివర్సిటీలో రెండో ఏడు. ఒక సాయంత్రం సంచీ సోఫాలో పడేసి, "తాతయ్యా, చరిత్ర పేపర్‌కి టాపిక్ దొరికింది! సింగపూర్‌లో తెలుగువాళ్లు!" అంది.

"భేషుగ్గా ఉంది! ఎంత కావాలంటే అంత సెప్తాను, రాసుకో," అన్నాడు తాతయ్య. కాఫీ రెండో గ్లాసు తెప్పించుకున్నాడు.

వారం తిరక్కుండానే ఆ పిల్ల మొహం వేలాడేసుకుని వచ్చింది. మాట చివర సింగపూర్ వాళ్లలా 'లా' తగిలించడం ఆ పిల్లకు అలవాటు. "సర్ ఒప్పుకోలేదు లా. టూ బిగ్ అంట. ఇది పేపర్ కాదు, పది పుస్తకాలు అంటాడు. చిన్నది చెయ్యాలి."

"చెయ్యి. యుద్ధం రోజులు పెట్టుకో."

ఈ సలహా ఇచ్చింది తాతయ్యే. తర్వాత ఆయన తన నాలుకను తానే ఎన్నిసార్లు తిట్టుకున్నాడో చెప్పలేం.

యుద్ధం రోజులు కూడా పెద్దదే అన్నాడు లెక్చరర్. సయాం రైలుదారి తెలుగు కూలీలు అని రాసుకెళ్లింది. ఇంకా పెద్దదే అన్నాడట. ప్రణవి భోజనాల బల్ల మీద ఒక కాగితం పరిచి, గరాటులాంటి బొమ్మ గీసింది. పైన వెడల్పు, కిందికి వచ్చేకొద్దీ ఇరుకు. వెడల్పు మూతి దగ్గర 'సింగపూర్ తెలుగువారు', దాని కింద 'యుద్ధం', దాని కింద 'రైలుదారి' అని రాసి ఉంది. గొట్టం చివర ఖాళీగా ఉంది.

"ఇక్కడ ఒక్క తోట రావాలి," అంది. "ఒక్క తోట, ఒక్క సంవత్సరం, ఒక్క ప్రశ్న. అప్పుడే పట్టు దొరుకుతుందంట."

"ఏ తోట?" అన్నాడు తాతయ్య. అడిగేటప్పటికే ఆయన చేతిలో ముద్ద చల్లారిపోయింది.

"నీదే లా! ఇంకెవరిది?" అని నవ్వి, ఆ ఇరుకు చోట రాసేసింది: 'తాతయ్య తోట, పందొమ్మిది వందల నలభై మూడు. ఆ నలభై మందిని ఎవరు, ఎలా ఎంచారు?'

కోడలు హైమావతి వంటింట్లోంచి, "మావయ్యగారూ, మజ్జిగ పొయ్యనా?" అంది. తాతయ్యకు వినపడలేదు.

ఎవరు, ఎలా ఎంచారో బతికున్నవాళ్లలో ఆయన ఒక్కడికే తెలుసు. నలభై మూడులో ఆయనకు పదిహేడేళ్లు. రబ్బరు పాలు తీసేవాణ్నని అందరికీ చెప్పుకున్నాడు గానీ, నిజానికి తోట గుమస్తా దగ్గర రాతకోతలు చేసేవాడు. చేతిరాత ముత్యాల్లా ఉండేది. జపాన్ వాళ్లు నలభై మంది కావాలన్నారు. గుమస్తా చెబుతుంటే తాతయ్య రాశాడు. ముప్ఫై తొమ్మిది దగ్గర గుమస్తా ఆగాడు. ఎదురుగా కూర్చున్న కుర్రాణ్ని తేరిపార చూశాడు. "ఇంకొకడు కావాల. నీ పేరు రాస్కో, లేకపోతే ఇంకెవడిదన్నా రాయి. నాకు తలలు సరిపోతే చాలు," అని టీ తాగడానికి లేచి వెళ్లాడు. ఆయన తిరిగొచ్చేలోగా నలభయ్యో పేరు పడింది. నూకరాజు. పెళ్లయి మూడు నెలలు. రెండు ఇళ్ల అవతల ఉండేవాడు, తర్వాత తిరిగొచ్చిన ఆ ఒక్కడు అతను కాదు. ఆ క్షణంలో ఆ పేరే ఎందుకు తట్టిందో తాతయ్యకు ఈ రోజుకీ తెలియదు. కిటికీలోంచి అతను సైకిలు తుడుచుకుంటూ కనిపించాడు, అంతే.

మర్నాటి నుంచి ప్రణవి ఆధారాల వేట మొదలుపెట్టింది. తాతయ్య కూడా ఊరుకోలేదు, తనకు చేతనైన వేట తానూ మొదలుపెట్టాడు. అరవై తొమ్మిది ఉగాది సంచికను బియ్యం బస్తా కింద తోసేశాడు. వెండి పండుగ సంచికను తన పరుపు కింద దాచాడు. డెబ్భై నాలుగేళ్ల మనిషి పరుపు ఎత్తి పట్టుకుని నడుం పట్టేసి కేక పెడితే, హైమావతి పరిగెత్తుకొచ్చి అమృతాంజనం రాసింది. ఇంత చేసినా, ఆ రెండూ యూనివర్సిటీ లైబ్రరీలో శుభ్రంగా ఉన్నాయి. ఆ సాయంత్రమే ప్రణవి జిరాక్సులు పట్టుకొచ్చింది.

"నాకు ఐదు ఆధారాలు దొరికాయి తాతయ్యా!" అంది గర్వంగా. మూడు సంచికలు, ఒక మలేషియా పత్రికలో వ్యాసం, ఉదయ్ అన్న వెబ్‌సైట్. ఐదూ ఒకే మాట చెబుతున్నాయి కాబట్టి నిజమేనని ఆ పిల్ల లెక్క. మన సంఘాల్లో అందరి లెక్కా అదే. నిరుటి సంచికలో ఉంటే ఈసారి సంచికలో వేసుకోవచ్చు, పెద్దాయన చెప్పాడంటే మళ్లీ అడగడం మర్యాద కాదు.

లెక్చరర్‌కి ఆ మర్యాద తెలియదు. ప్రతి ఆధారాన్నీ నాలుగు ప్రశ్నలు అడగమన్నాడు. ఎవరు రాశారు? ఎప్పుడు రాశారు? వాళ్లకెలా తెలుసు? ఇలా రాస్తే వాళ్లకేం లాభం?

రెండు రోజుల తర్వాత ప్రణవి ఇంకో కాగితం తెచ్చి బల్ల మీద పరిచింది. ఐదు గడులు, వాటి నుంచి బాణాలు. వెబ్‌సైట్ నుంచి వెండి పండుగ సంచికకు ఒక బాణం. పత్రిక నుంచి డెబ్భై నాలుగు సంచికకు. అక్కడి నుంచి అరవై తొమ్మిదికి. అన్ని బాణాలూ అటు తిరిగి ఇటు తిరిగి కింద ఒక్క గడిలోకి దిగాయి. ఆ గడిలో 'తాతయ్య' అని ఉంది.

"చూశావా?" అంది. "ఐదు కాదు లా. ఒక్కటే. ఐదుగురూ నీ నోట్లోంచే రాసుకున్నారు."

పక్కన నూడుల్స్ తింటున్న ఉదయ్‌కిరణ్ తొంగిచూసి నవ్వాడు. "అదేంది ప్రణవీ, అంకుల్ స్వయంగా వెళ్లొచ్చిన మనిషి. ఇంకేం ఆధారం కావాలి?"

"సర్ అలా ఒప్పుకోడు ఉదయ్ అన్నా. బయటి గొంతు ఒకటి కావాలి. తాతయ్యను ఎరగని మనిషి."

"అలాటోళ్లు ఎవురూ మిగల్లేదమ్మడూ," అన్నాడు తాతయ్య. ఆ మాట అనడంలో ఆయన గొంతు కొంచెం ఎక్కువ హుషారుగా పలికింది. ప్రణవి తలెత్తి చూసింది. చూసి మళ్లీ బాణాల వైపు తిరిగింది. ఆ చూపుకే ఆయనకు భయమేసింది.

ఆ పది రోజులూ తాతయ్య తిండి సగానికి తగ్గింది. లిఫ్టు తలుపు చప్పుడు వినపడే చోటికి కుర్చీ జరుపుకున్నాడు. లిఫ్టు ఆగితే గుండె ఆగేది. అడుగులు పక్కింటి వైపు వెళితే మళ్లీ కొట్టుకునేది. కింద కాఫీ కొట్టుకి వెళ్లడం మానేశాడు. ఎవరో చీనా ముసలాయన రెండుసార్లు ఇంటికొచ్చి, "అంకల్ సిక్ ఆ?" అని అడిగి వెళ్లాడు. హైమావతి రాగిజావ కాచి ఇచ్చి, "శాలువా అనేసరికి మావయ్యగారికి కంగారు పట్టుకుంది," అని మొగుడితో నవ్వింది. ఆయన్ని భయపెడుతున్నది శాలువా కాదు. మనవరాలు ఇంటికి వచ్చి "తాతయ్యా" అని పిలిచే తీరు మారిపోయే రోజు ఒకటి దగ్గరికొస్తోందని ఆయనకు తెలుసు. ఎంత దగ్గరో తెలియడం లేదు.

పేపర్ ఇవ్వాల్సిన శుక్రవారానికి రెండు రోజుల ముందు, మధ్యాహ్నం, ప్రణవి క్యాసెట్ తెచ్చింది.

"ఆర్కైవ్స్‌లో దొరికింది," అంది. ఆయాసపడుతోంది, బస్టాపు నుంచి పరిగెత్తినట్టుంది. "ఎనభై నాలుగులో ఎవరో ఒక ముసలామెను మాట్లాడించారు. తెలుగులో. ఎవరూ రాసి పెట్టలేదు, అందుకే ఇన్నాళ్లూ ఎవరికీ తెలియదు. పర్మిషన్ అడిగి కాపీ తెచ్చా. పేరు నాగమల్లేశ్వరి. నీ తోటే తాతయ్యా! నీకు తెలుసా?"

తాతయ్యకు తెలుసు. నూకరాజు పెళ్లాం.

"తోట పెద్దదమ్మా," అన్నాడు.

"ఆమె మాట నాకు సగం అర్థం కావట్లేదు. పాత తెలుగు. ఉదయ్ అన్నకీ అంతే, అది గుంటూరు కాదు అంటాడు. నువ్వు విని చెప్పు, నేను రాసుకుంటా."

బయట మబ్బు పట్టింది. హైమావతి కిటికీ బయటికి చాచి బట్టలు ఆరేసిన కర్రలు లోపలికి లాక్కుని, కిటికీ మూసి, సామాన్లకని కిందికి వెళ్లింది. ఇద్దరే మిగిలారు. ప్రణవి మీట నొక్కింది.

తాతయ్య ఆ గొంతు విని యాభై ఏడేళ్లయింది. అప్పుడు పద్దెనిమిదేళ్ల పిల్ల గొంతు. ఇప్పుడు పళ్లు లేని గొంతు. అయినా పోల్చుకున్నాడు.

"మాది కొత్త సంసారం బాబూ. ఆడి పేరు లిస్టుల నేదు. గుమాస్తా మాకు సుట్టం, ముందే సెప్పినాడు, నూకరాజు పేరు నేదు, బెంగెట్టుకోకు అని. తెల్లారి పిలిస్తే ఉంది. ఆ రాతలు రాసే కుర్రోడు, గుమాస్తా కాడుండేవోడు, ఆడు ఎక్కించినాడు, ఆడి పేరుకి బదులు."

ప్రణవి టేప్ ఆపింది. కలం పట్టుకుని ఎదురుచూస్తోంది. ఏం చెబితే అదే రాస్తుంది. పేరు లిస్టులో ఉందనీ, జపాన్ వాడే వేలు పెట్టి చూపించాడనీ చెప్పొచ్చు. ఈ పిల్లకు ఆ తేడా తెలియదు.

తాతయ్య నోరు తెరిచాడు. ఉన్నదున్నట్టు చెప్పాడు. ఎందుకు చెప్పాడంటే, అబద్ధం ఆడాలన్నా మాటలు కూర్చుకోవడానికి కొంచెం వ్యవధి కావాలి. ఆ ముసలామె గొంతు వినిపిస్తుండగా అంత వ్యవధి ఆయనకు దొరకలేదు.

ప్రణవి కళ్లు పెద్దవయ్యాయి. "వెయిట్. ఒక కుర్రాడు తన బదులు ఆయన్ని పంపాడా? ఇది ఎక్కడా లేదే!" గబగబా రాసుకుని మళ్లీ నొక్కింది. టేపులో మాట్లాడిస్తున్నాయన అడిగాడు, ఆ కుర్రాడి పేరేంటమ్మా అని.

టేపు బరబరమంది.

"పేరెందుకు బాబూ. ఆడికీ పెళ్లాం పిల్లలుంటారు. ఆళ్లేం సేసినారు?"

తాతయ్య ఇది కూడా చెప్పాడు. చెబుతూ నేల చూశాడు.

ఆ తర్వాత క్యాసెట్‌లో ఆ పక్క అయిపోయింది. ప్రణవి తన కాగితాన్ని రెండుసార్లు చదువుకుంది. పెదవి కొరికింది. "అయ్యో," అంది చివరికి. "ఇది వాడలేను."

"ఏం?"

"ఒక్క నోరే కదా. పేరు లేదు. అది నిజమని చెప్పేవాళ్లు ఇంకొకరు లేరు. ఆమె కూడా చనిపోయింది, కోపంలో అన్నదేమో అంటాడు సర్. అంత పెద్ద నింద ఒక్క మాట మీద వెయ్యకూడదు, రూల్. ఈ పేరా తీసేస్తా. నీది ఎలాగూ ఉందిగా, వెళ్లొచ్చినవాడివి. దాంతో సరిపెట్టేస్తా లా."

తాతయ్యకు ఊపిరి అందింది. పది రోజుల తర్వాత మొదటిసారి నిండుగా అందింది. ఇంత వెతికి, ఇంత దగ్గరికి వచ్చి, ఆ పిల్లే తలుపు తీసి పొమ్మంటోంది. ఏమీ చెప్పనక్కర్లేదు. ఊ అంటే చాలు. శుక్రవారం పేపర్, ఆదివారం శాలువా.

ప్రణవి కొత్త కాగితం తీసి రాయడం మొదలుపెట్టింది. అందులో నూకరాజు లేడు. నాగమల్లేశ్వరి లేదు.

"అమ్మడూ," అన్నాడు తాతయ్య.

"ఊ?"

"ఆవిడ మాట తియ్యకు. ఇంకొకరు ఉన్నారు."

"ఎవరు?"

"ఆ కుర్రోణ్ని నానే."

కలం ఆగింది. ఆ పిల్ల నవ్వుతుందేమో, కసురుతుందేమో, లేచి తన గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంటుందేమోనని చూశాడు. ఏదైనా మంచిదే. ప్రణవి అవేవీ చెయ్యలేదు. ఆయన చేతుల వైపు చూసింది. తర్వాత క్యాసెట్ తిప్పి, ఖాళీ పక్క పైకి పెట్టి, రికార్డు మీట మీద వేలు ఉంచింది.

"నొక్కనా?" అంది.

తాతయ్య తలూపాడు.

"ఎవరు మీరు? మీకెలా తెలుసు?" అంది ప్రణవి. లెక్చరర్ ఇచ్చిన వరసలోనే, బయటి మనిషిని అడిగినట్టు, మీరు అని.

ఆ సాయంత్రమే ఇంట్లో అందరికీ తెలిసింది. జనార్ధనరావు రెండు రోజులు తండ్రితో మాట్లాడలేదు. హైమావతి మాట్లాడింది గానీ, భోజనానికి పిలవడం వరకే. శుక్రవారం పేపర్ వెళ్లింది. శనివారం పొద్దున్నే తాతయ్య ఉదయ్‌కిరణ్ గది తలుపు తట్టి, విషయమంతా తానే చెప్పి, శాలువా వద్దని కబురు పంపి, "ఆ పేజీ తీసెయ్ బాబూ," అన్నాడు.

ఉదయ్‌కిరణ్ కంప్యూటర్ వైపు తిరిగాడు. నాలుగు మీటలు నొక్కాడు. తాతయ్య ఫొటో పోయింది, కథ పోయింది. తెర మీద తెల్లటి చోటు మిగిలింది.

"అయిపోయిందా?" అన్నాడు తాతయ్య.

"మన దాంట్లో అయిపోయింది అంకుల్." వాడు తల గోక్కున్నాడు. "కాకపోతే, పోయిన వారం టెస్టింగ్ కోసం లింకు అందరికీ పంపా గదా. చాలా బాగుందని నలుగురు తీసుకుని వాళ్ల సైట్లలో పెట్టుకున్నారు. ఒకటి కౌలాలంపూర్‌ది, ఒకటి లండన్‌ది. మిగతా రెండూ ఎవరివో నాకూ తెల్దు."

"ఆళ్లని తియ్యమను."

"మెయిల్ పెడతా. చూస్తారో లేదో. వాళ్ల దగ్గర్నుంచి ఇంకెవరు తీసుకున్నారో మరి."

తలుపు దగ్గర ప్రణవి నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో ఎవరూ చూడలేదు. "అవి నాలుగు, పాతవి నాలుగు," అంది మెల్లగా. "వచ్చే ఏడు ఇంకెవరో ఇదే టాపిక్ తీసుకుంటే ఎనిమిది దొరుకుతాయి. నా పేపర్ ఒక్కటే వేరేగా ఉంటుంది. ఏది నమ్ముతారు తాతయ్యా?"

ఉదయ్‌కిరణ్ ఆ తెలియని సైట్లలో ఒకటి తెరిచాడు. తాతయ్య నవ్వుతూ కనిపించాడు. బొమ్మ కింద చిన్న పెట్టెలో ఆ పేజీ ఎంతమంది చూశారో అంకె ఉంది. వెయ్యి నాలుగు వందల పన్నెండు. వాడు పేజీని మళ్లీ తెరిచాడు. వెయ్యి నాలుగు వందల పదిహేడు.